117వ కీర్తన రోజులు

నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి మొన్నటికి ఏడాది అయింది. జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నాం. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి నాన్న గురించి మంచి మాటలు చెప్పారు. ప్రార్థనాపరుడన్నారు, వాక్యంలో నిలిచినవాడన్నారు, చిన్నప్పటి నుంచి చివరిదాకా దేవుని చెయ్యి వదలలేదన్నారు. అప్పటిదాకా తల వంచుకుని వింటున్న అమ్మ, ఆ చివరి మాట దగ్గర తలెత్తి నా వైపు చూసింది.

వదిలారు. కొన్నేళ్లపాటు వదిలారు. మా ఇంట్లో అందరికీ తెలుసు, అప్పటి సంఘంలో ఉన్నవాళ్లకూ తెలుసు. పోయిన మనిషి గురించి అవన్నీ ఎందుకని పెద్దవాళ్లు దాటేస్తారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ సంవత్సరాలు తీసేస్తే నాన్న జీవితంలో దేవుడు చేసిన పెద్ద పనే కనిపించకుండా పోతుంది. బతికి ఉన్నన్నాళ్లూ నాన్న ఆ సంగతి దాచలేదు. నన్ను కూర్చుని రాయమన్నది కూడా అమ్మే.

*

మా చిన్నప్పుడు సాయంత్రం ప్రార్థన వేళకి ఇంట్లో అన్ని పనులూ ఆగిపోయేవి. నాన్న గొంతు సవరించుకున్న శబ్దం వినిపిస్తే చాలు, అన్నయ్య చేతిలో ఏమున్నా పక్కన పెట్టి వచ్చేసేవాడు. ముందు పాట. నాన్న ఎప్పుడూ శ్రుతి ఎక్కువలో ఎత్తుకునేవారు, రెండో చరణానికల్లా అమ్మ దాన్ని మెల్లగా కిందికి దించేది. తర్వాత ఒక అధ్యాయం, వంతులవారీగా. ఆదికాండం నుంచి ప్రకటన దాకా, ఏదీ వదిలేది లేదు, వంశావళులు కూడా. ఆ పేర్లు నోరు తిరక్క నేను తడబడితే నాన్న వేలు పెట్టి, అక్షరం అక్షరం విడగొట్టి పలికించేవారు. తర్వాత కంఠత వాక్యాలు అప్పజెప్పాలి. చివర్లో మోకాళ్ల మీద ప్రార్థన.

ఆయనకో గళ్ల నోట్‌బుక్ ఉండేది. నిండా పేర్లే. జబ్బుపడ్డవాళ్లు, పరీక్షలు రాసేవాళ్లు, మాటలు లేకుండా పోయిన అన్నదమ్ములు. ప్రార్థన నెరవేరితే ఆ పేరు పక్కన ఎర్ర పెన్నుతో చిన్న గుర్తు పెట్టేవారు. కొత్తగా ఎర్ర గుర్తు ఏదైనా పడిందా అని నేను రోజూ వెతుక్కునేదాన్ని.

అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను తెరిచి నాన్న ముఖం చూసేదాన్ని. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే మాట్లాడినంత మామూలుగా మాట్లాడేవారు. మధ్యలో ఆగిపోయేవారు, ఒక్కోసారి చాలాసేపు. ఆ ఆగినంతసేపూ అవతలి నుంచి ఏదో చెబుతున్నారని, నాన్న వింటున్నారని నాకు గట్టి నమ్మకం.

*

పడిపోవడం ఎప్పుడు మొదలైందో నాన్నే చెప్పలేకపోయేవారు. సంఘానికి కోశాధికారిగా పెట్టాక అని నా లెక్క. ఆ పదవిలో తప్పేమీ లేదు. మందిరానికి కొత్త పైకప్పు వెయ్యాలని నిధి పోగుచేస్తున్న రోజులవి. కమిటీ మీటింగులు, రసీదు పుస్తకాలు, బ్యాంకు పనులు, ఎప్పుడు చూసినా టెన్షన్. దేవుని పని పెరిగిపోయింది, దేవుడితో కూర్చోవడం తగ్గిపోయింది. ఒక మీటింగులో ఎవరో నలుగురిలో ఆయన్ని మాట అన్నారట. దాన్ని మనసులోనే పెట్టుకున్నారు.

ముందు పాట పోయింది. "టైమైపోయింది, వాక్యం చదువుకుందాం" అన్నారు. తర్వాత వంతులు పోయాయి, ఆయనే గబగబా చదివేసేవారు. బాగా అలసిపోయి వచ్చిన ఒక రాత్రి 117వ కీర్తన తీశారు. బైబిల్ మొత్తంలో అన్నిటికన్నా చిన్న అధ్యాయం అది, రెండే వచనాలు. చదివి, పరలోక ప్రార్థన చెప్పి లేచాం. మర్నాడు మామూలుగానే చదివారు. వారం తిరక్కుండా మళ్లీ 117. పోనుపోను రోజూ అదే. సర్వజనులూ దేవుణ్ణి స్తుతించాలని పిలిచే కీర్తన అది. నలుగురం కూర్చుని, ఒక్కరి మనసూ అందులో లేకుండా, దాన్ని చెప్పుకుని లేచిపోయేవాళ్లం. ఆ తర్వాత కొన్నాళ్లకి అదీ ఆగిపోయింది.

బయట మాత్రం ఏ మార్పూ లేదు. ఆదివారం ముందు బెంచీలోనే కూర్చునేవారు. ప్రార్థన చెయ్యమని పిలిస్తే మాటలు ధారగా వచ్చేవి. విన్నవాళ్లు ఆమేన్ ఆమేన్ అనేవాళ్లు. నేను మాత్రం ఆయన ఆగుతారేమోనని ఎదురుచూసేదాన్ని. ఆ ప్రార్థనల్లో ఆగడం లేదు.

న్యాయాధిపతుల గ్రంథం 16వ అధ్యాయంలో సమ్సోను గురించి ఒక మాట ఉంది. తన బలానికి గుర్తైన జుట్టు పోయిన తర్వాత కూడా ఎప్పటిలాగే లేచి విడిపించుకుంటాననుకున్నాడు, "యెహోవా తనను ఎడబాసెనని అతనికి తెలియలేదు." పెద్దయ్యాక ఎప్పుడు చదివినా ఆ ముందు బెంచీ నా కళ్ల ముందుకి వస్తుంది. ఆత్మీయంగా దిగజారడమంటే తాగుడో జూదమో అనుకుంటాం. అంతకన్నా భయంకరమైనది ఏ అలవాటూ మారకుండానే లోపల ఖాళీ అయిపోవడం. అది చుట్టూ ఉన్నవాళ్లకి తెలియదు, ఒక్కోసారి ఆ మనిషికే తెలియదు.

*

ఆ మధ్యలో నాన్న సంపాదన దెబ్బతింది. మందిరం నిధిలోంచి కొంత తీశారు. నెల తిరిగేలోపు పెట్టేద్దామనుకున్నారు, పెట్టలేకపోయారు. లెక్కలో తేడా బయటపడినప్పుడు అనుమానం కానుకల పుస్తకం రాసే ఆయన మీదికి వెళ్లింది.

చాలా నెమ్మదైన మనిషి ఆయన. ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఉండి, నోట్లు ఒకవైపు, చిల్లర ఒకవైపు పేర్చి, రెండుసార్లు లెక్కపెట్టి, పుస్తకంలో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, సంతకం పెట్టి నాన్నకి అప్పగించేవారు. ఆయన్ని ఎవరూ దొంగ అని అనలేదు. ఆ పుస్తకం ఇంకొకరి చేతికి ఇచ్చారు, అంతే. ఆయనకి అర్థమైపోయింది. కొన్ని ఆదివారాలు వెనక కూర్చున్నారు, తర్వాత రావడం మానేశారు.

నాన్న నోరు విప్పలేదు.

ఆయన కొడుకూ మా అన్నయ్యా ఒకటే క్లాసు. సండే స్కూల్లో పక్కపక్కనే కూర్చునేవాళ్లు. ఆ కుర్రాడు అన్నయ్యతో మాట్లాడటం మానేశాడు. రాత్రిళ్లు అమ్మానాన్నల మాటల్ని బట్టి అన్నయ్య నిజం పసిగట్టేశాడు. నాకన్నా పెద్దవాడు, అన్నీ తెలిసే వయసు.

*

సండే స్కూల్ పోటీకి నాకు 32వ కీర్తన కంఠతం చెయ్యమని ఇచ్చారు. 11 వచనాలు. వచ్చేసిందనుకున్నాక, ఒకసారి వినమని నాన్న చేతికి బైబిల్ ఇచ్చి ఎదురుగా నిలబడ్డాను. ఆయన వేలు పెట్టి చూసుకుంటూ వింటున్నారు. మూడో వచనం సరిగ్గానే చెప్పాను: "నేను మౌనినై యుండగా దినమంతయు నేను చేసిన నా ఆర్తధ్వనివలన నా యెముకలు క్షీణించినవి." నాలుగో దాంట్లో తప్పు పోయాను. దిద్దుతారని ఆగాను. నాన్న దిద్దలేదు. వేలు ఇంకా మూడో వచనం మీదే ఉంది. "చాలమ్మా, బాగా వచ్చింది" అని బైబిల్ మూసి ఇచ్చేశారు. ఇంకా ఏడు వచనాలు మిగిలే ఉన్నాయి.

ఈ సంగతి చెబితే ఆ కీర్తనే మీ నాన్నని మార్చేసింది అంటారు అందరూ. నాన్న ఒప్పుకునేవారు కాదు. దానికి చాలా ముందు నుంచే ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే వేళ, తనకి ఊపిరాడేది కాదని చెప్పేవారు. రొట్టె పళ్లెం వరుసల్లోకి అందించేది ఆయనే. అందరికీ ఇచ్చి, తను ముట్టుకోకుండా పళ్లెం తిరిగి బల్ల మీద పెట్టేసేవారు. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని కొరింథీయులకు పౌలు రాసిన మాట చదువుతున్నప్పుడు ఒళ్లంతా చెమటలు పట్టేవట. సంఘంలో ఒక్కరూ గమనించలేదు. అమ్మ గమనించింది.

అమ్మ నాన్నని ఏమీ అడగలేదు. తెల్లవారకముందే లేచి వంటింట్లో ఒక్కతే మోకరించేది. గళ్ల నోట్‌బుక్ ఎప్పుడో అమ్మ చేతికి వచ్చేసింది. అందులో కొత్త పేజీ తీసి మొట్టమొదట నాన్న పేరు రాసుకుంది. ఆ పేజీ నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను.

*

ఎలాగో డబ్బు సర్దుకుని, కవరులో పెట్టుకుని, నాన్న పాస్టర్‌గారి దగ్గరికి వెళ్లారు. నిధిలో కలిపేద్దాం, లెక్కలో పొరపాటు జరిగిందని రాసేద్దాం, అక్కడితో సరి అనుకున్నారు. పాస్టర్‌గారు బాగా పెద్దాయన. కవరు ముట్టుకోలేదు.

"యూదా కూడా డబ్బు తిరిగిచ్చేశాడు నాయనా" అన్నారట.

ఈ మాట నాన్న మాకు ఎన్నిసార్లు చెప్పారో. మత్తయి 27వ అధ్యాయం తీసి చూడండి. యేసుని పట్టించిన యూదా పశ్చాత్తాపపడ్డాడు. 30 వెండి నాణేలూ తిరిగి తెచ్చాడు. నిరపరాధిని అప్పగించి పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది మాత్రం ప్రధాన యాజకుల దగ్గర. యేసు దగ్గరికి రాలేదు. పేతురూ తక్కువేమీ చెయ్యలేదు. ఆ మనిషిని నేనెరుగనని ముమ్మారు అన్నాడు, ఒట్టు పెట్టుకుని మరీ అన్నాడు. ప్రభువు తిరిగి తన వైపు చూసినప్పుడు బయటికి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత తిబెరియ సముద్రం దగ్గర, ఒడ్డున నిలబడి ఉన్నది ప్రభువే అని వినగానే, పడవ చేరేదాకా ఆగలేక నీళ్లలోకి దూకేశాడు. ఏ ముఖంతో వెళ్లను అనుకోలేదు.

"డబ్బు ఎక్కడికి తెచ్చావో చూస్తున్నాను. నువ్వు ఎవరి దగ్గరికి వచ్చావో చెప్పు" అన్నారట పాస్టర్‌గారు. నాన్న దగ్గర జవాబు లేదు. అక్కడే నేల మీద కూలబడిపోయారు.

ఆ రాత్రి బాగా పొద్దుపోయాక ఇంటికి వచ్చారు. ముందు అమ్మతో చెప్పారు. తర్వాత మా ఇద్దరినీ లేపి కూర్చోబెట్టి చెప్పారు. పిల్లలు కదా అని మెత్తగా చెప్పలేదు, దొంగతనం చేశానని, ఇంకొకరి మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నానని చెప్పారు. నేను ఏడ్చాను. అన్నయ్య ఏడవలేదు, లేచి వెళ్లి పడుకున్నాడు.

*

బుధవారం కూటంలో నాన్న అందరి ముందు నిలబడి అదే చెప్పారు. కానుకల పుస్తకం రాసిన ఆయన పేరు ఎత్తి, ఆయన తప్పు రవ్వంత కూడా లేదని చెప్పారు. సంఘం మినిట్స్ పుస్తకంలో ఆ సంగతి రాయమని అడిగారు, రాయించారు.

తర్వాత పెద్దల్లో గొడవ మొదలైంది. డబ్బు ఇచ్చేశాడు కదా, ఇక ఈ విషయం ఎత్తొద్దని కొందరు. ఇలాంటివాణ్ణి మళ్లీ బల్ల దగ్గరికి రానిస్తే సంఘానికి విలువేముందని కొందరు. తర్వాతి వారం పాస్టర్‌గారు ప్రసంగం బదులు పాత చరిత్ర ఒకటి చెప్పారు. క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి రోమా సామ్రాజ్యంలో అందరూ దేవతలకి బలి అర్పించి, అర్పించినట్టు పత్రం తీసుకోవాలని ఆజ్ఞ పెట్టాడు. ప్రాణభయంతో చాలామంది విశ్వాసులు బలి అర్పించేశారు. ఇంకొందరు అర్పించకుండానే లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు. ఆ హింస చల్లారాక వీళ్లంతా తిరిగి వచ్చి సంఘం తలుపు తట్టారు. రోములో నొవేషియన్ అనే ఆయన, చేర్చుకోవడానికి వీల్లేదన్నాడు. ఏ విచారణా లేకుండా వెంటనే చేర్చుకోవాలన్నవాళ్లూ ఉన్నారు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో బిషప్ సిప్రియన్ ఆధ్వర్యంలో 251లో బిషప్పులు కూడి ఈ రెండిటికీ ఒప్పుకోలేదు. ఒక్కొక్కరి సంగతి విడిగా చూడాలి, పశ్చాత్తాపపడటానికి కాలం ఇవ్వాలి, ఆశ మాత్రం ఎవరికీ తీసెయ్యకూడదన్నారు. ఆ సిప్రియన్ తర్వాత 258లో తన విశ్వాసం కోసం తలనిచ్చాడు. పడిపోయినవాళ్ల కోసం వాదించింది అలాంటి మనిషి.

ఆ వయసులో నాకు ఆ పేర్లేవీ ఎక్కలేదు, తర్వాత సంఘ చరిత్ర చదువుకున్నప్పుడు గుర్తుపట్టాను. మా సంఘం కూడా చివరికి ఆ దారినే వెళ్లింది. పదవి తీసేశారు. కొన్ని నెలలు బల్లకి దూరంగా ఉండమన్నారు. ఆ నెలలన్నీ పాస్టర్‌గారు వారం వారం మా ఇంటికి వచ్చి నాన్నతో కూర్చునేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఈ రెండోది కనిపించడం లేదు. తప్పు చేసినవాణ్ణి గెంటేస్తున్నాం, లేదా ఏమీ జరగనట్టు మైకు చేతికిచ్చేస్తున్నాం. పక్కన కూర్చునేవాళ్లు లేరు.

*

ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘానికి రాసిన మాటలు ఆ రోజుల్లో మా ఇంట్లో తరచూ వినిపించేవి. ఎఫెసువాళ్లు సోమరులు కాదు. కష్టపడ్డారు, ఓర్చుకున్నారు, అబద్ధ అపొస్తలుల్ని పరీక్షించి పట్టుకున్నారు. అయినా ప్రభువు వాళ్ల మీద మోపిన తప్పు ఒకటుంది: "మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి." ఏ స్థితిలోంచి పడ్డావో జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, ఆ మొదటి క్రియలు చెయ్యి అన్నాడు. చాలామంది రెండో మాట దగ్గర ఏడ్చి ఆగిపోతారని, మూడోది చెయ్యరని పాస్టర్‌గారి బాధ.

నాన్నకి ఇంట్లో మొదటి క్రియ అంటే పాట. ఒక సాయంత్రం గొంతు సవరించుకున్న శబ్దం వినిపించింది. ఎన్నాళ్లయిందో ఆ శబ్దం విని. నేను పరుగెత్తుకుని వచ్చాను, అమ్మ వచ్చింది. అన్నయ్య రాలేదు. నాన్న కాసేపు చూసి, పాట ఎత్తుకున్నారు. శ్రుతి ఎక్కువైంది. అమ్మ దించింది. బైబిల్లో రిబ్బను మొదటి దినవృత్తాంతాల్లో, వంశావళుల మధ్య ఆగిపోయి ఉంది. ఇంకేదైనా మంచి అధ్యాయం తీస్తారనుకున్నాను. లేదు, ఆగిన చోటినుంచే మొదలుపెట్టారు. ఆ సాయంత్రమంతా పేర్లే చదువుకున్నాం, వంతులవారీగా.

సంతోషం వెంటనే తిరిగి రాలేదు. ఇది నాన్న తన సాక్ష్యంలో తప్పకుండా చెప్పేవారు. క్షమాపణ దొరికిందని వాక్యాన్ని బట్టి నమ్మేవారు, లోపల మాత్రం ఎండిపోయినట్టే ఉండేదట. "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని దావీదు 51వ కీర్తనలో అడిగింది, అతని పాపాన్ని ఎత్తిచూపిన ప్రవక్త నాతాను వచ్చి వెళ్లిన తర్వాతే కదా, నేనూ అడుగుతూ కూర్చుంటాను అనేవారు. ప్రార్థన తడబడుతూ సాగేది. పాత ధారాళం పోయింది. రోజూ ముందు ఒప్పుకోలు, తర్వాతే మిగతావి. మార్టిన్ లూథర్ 1517లో రాసిన 95 సిద్ధాంతాల్లో మొట్టమొదటిది కూడా ఇదేనని పాస్టర్‌గారు చెప్పారు, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలని ప్రభువు కోరాడని. చాలా కాలానికి ఒక సాయంత్రం ప్రార్థన మధ్యలో నాన్న ఆగిపోయారు. నేను కళ్లు తెరిచి చూశాను. ఆయన వింటున్నారు.

*

కానుకల పుస్తకం రాసిన ఆయన ఇంటికి నాన్న, పాస్టర్‌గారు కలిసి వెళ్లారు. ఆయన గుమ్మంలో నిలబడే అంతా విన్నారు. క్షమించానన్నారు. లోపలికి రమ్మనలేదు. మా సంఘానికీ తిరిగి రాలేదు, వేరే సంఘంలో కలిశారు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, డబ్బయితే ఇవ్వొచ్చు, పోగొట్టిన పేరుకి నాలుగంతలు ఎక్కడినుంచి తేవాలి అని నాన్న అమ్మతో అంటుంటే విన్నాను. నోట్‌బుక్‌లో ఆ పేరు చివరిదాకా ఉంది.

అన్నయ్య సంగతే ఇప్పటికీ మా ఇంట్లో తీరనిది. చదువు పేరుతో దూరం వెళ్లాడు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. అమ్మానాన్నల్ని బాగా చూసుకున్నాడు, ఏ లోటూ రానివ్వలేదు. మందిరంలో మాత్రం అడుగుపెట్టడు. మిడుతలు తినేసిన సంవత్సరాల పంటని తిరిగి ఇస్తానని యోవేలు గ్రంథంలో దేవుడు అన్న మాటని నాన్న వందసార్లు ఎత్తి ప్రార్థన చేసి ఉంటారు. అయినా ఆ మాట చూపించి తన తప్పు వల్ల జరిగినదాన్ని తేలిక చెయ్యలేదు. దావీదుకి క్షమాపణ దొరికింది, ఇంట్లో కత్తి మాత్రం పోలేదు, నేనూ అది మొయ్యాలి అనేవారు.

నాన్న పోవడానికి కొంతకాలం ముందు నేనే ఉండబట్టలేక అన్నయ్యని అడిగాను, నాన్న ఎంత మారారో చూశావు కదా, ఇంకా ఎందుకని. కోప్పడలేదు. "నాన్న మారారని నాకు తెలుసు. నీకు ఆ తర్వాత నాన్న దొరికారు. నేను పెరిగింది అంతకుముందు నాన్న దగ్గర" అన్నాడు.

ఆ మాట నాన్నకి చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించి, చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "వాడన్నది నిజమే. వాడితో వాదించకండి, వాక్యాలు పంపించకండి. నేను చేసింది వాడు చూశాడు, దేవుడు చేసింది కూడా వాణ్ణి చూడనివ్వండి. ప్రార్థన మాత్రం మానొద్దు" అన్నారు.

అన్నయ్య ప్రతి ఆదివారం సాయంత్రం అమ్మకి ఫోన్ చేస్తాడు. మేం వాదించడం లేదు, వాక్యాలు పంపించడం లేదు. నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గర ఉంది. అన్నయ్య పేరుతోనే మొదలుపెడతాం.